నల్లగీత కూడా వాగే
(మూసీ లోయ పాత సర్వే పటంపై హైదరాబాదులో చేసిన ప్రసంగం)

అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, అందరికీ కలిపి ఒకటే నమస్కారం. పేర్లు చదువుతూ కూర్చుంటే పటం చూపించే టైం ఉండదు.

అనంతగిరి కొండల్లో మూసీ పుట్టిన కాడి నుంచి వాడపల్లిలో కృష్ణలో కలిసేదాకా చెప్పాలని రాసుకొచ్చాను. 1908 సెప్టెంబరు 28 వరద, విశ్వేశ్వరయ్య గారి సలహా, 1920లో గండిపేట, 1927లో హిమాయత్‌సాగర్ జలాశయాలు మీకు తెలిసినవే. వదిలేస్తున్నా. నగరం దాటి కిందికి, మా ఊరికి పోదాం.

గోడ మీది షీటు చూడండి. వెనక ఉన్నోళ్లు ముందుకు రండి, ఏం కాదు. పటం మీద అంగుళమంటే నేల మీద మైలు. గోధుమరంగు గీతలు నేల ఎత్తులు. ఇదిగో చెరువు కట్ట, పక్కనే సన్నగా 6 అంకె. అంటే కట్ట పక్క నేలకన్నా ఆరడుగులు ఎత్తు. తాటిచెట్లకు కూడా గుర్తుంది. సర్వేవాళ్లు మా గౌడన్నల తాటివనాన్నీ వదల్లేదు!

అసలు సంగతికొస్తా. ఏడాదంతా నీళ్లుండే దాన్ని నీలంతో గీస్తారు, ఎండిపోయే వాగును నల్లతో. మా పెద్దచెరువు మత్తడి, అంటే చెరువు నిండితే నీళ్లు పొంగిపోయే చోటు, దూకితే కింది కుంటను నింపే వాగు నల్లగీతే. ఆ వాగు మీద ఇళ్ల ప్లాట్లు చేసినాయన షీటు చూసి, "నీలం లేదు కద సార్, బండ్ల బాట అది" అన్నాడు. బండ్ల బాట మత్తడి కాడ మొదలై కుంటలో ముగుస్తదా? మీరే చెప్పండి. వానాకాలం ఆ ఇళ్లల్ల మోకాళ్లలోతు నీళ్లు.

ఈ షీటు కోసం మొదట ఒక ఆఫీసుకు పోతే, రక్షణ వ్యవహారం, ఇయ్యం పొమ్మన్నారు. మా కుంట మీద దండెత్తేదెవరయ్యా? 2005లో కొత్త పటాల విధానం తెచ్చారు, 2021లో ఆంక్షలు ఇంకా సడలించారు. మంచిదే. అప్పటికి మా కుంట సగం ప్లాట్లయింది.

గంట కొడుతున్నారు, తెలుసు సార్. రెండు నిమిషాలు.

పెద్ద చెరువులకు షీటులో పేర్లున్నాయి. కుంటలు చాలావాటికి లేవు. ఆ పేర్లు ఇక్కడ తెల్లజుట్టుతో కూర్చున్న మీ దగ్గరే ఉన్నాయి. ఆ బల్ల మీద జిరాక్సులు, ఎర్రపెన్నులు పెట్టించాను. మీ కుంట పేరు, మత్తడి ఎటు దూకేదో, ఏ కత్వ (వాగుకు అడ్డంగా కట్టిన చిన్న కట్ట) నుంచి కాల్వ వచ్చేదో రాయండి. చాయ్ తాగినంక కాదు, ముందే. తాగినంక మీరు బస్సుల కోసం ఉరుకుతారు.