సినిమాలో లేని పాటలు కూడా నోట్లో నానతాయి: నాలుగు బ్యాండ్లు చెప్తా, వినండి

అందరికీ నమస్కారం, విజయనగరం నుంచి. ఈరోజు నాలుగు బ్యాండ్ల గురించి చెప్తాను. నాలుగూ సొంతంగా పాటలు కట్టుకున్నవే, ఇలాంటివాటినే ఇండీ బ్యాండ్లు అంటారు, ఒక్కసారి విన్నారంటే రెండు రోజులు నోట్లోంచి పోవు. మా కోట దగ్గర ఎవరితోనైనా ఇండీ బ్యాండ్ అంటే "ఏటన్నా, ఆ గోల మనకెక్కదు" అంటారు. మీక్కూడా అలాగే అనిపిస్తే ఈ వీడియో మీకోసమే.

ముందు ద బెత్స్. న్యూజిలాండ్‌లో ఆక్లండ్ వాళ్ళు. 2018లో వచ్చిన 'ఫ్యూచర్ మీ హేట్స్ మీ' ఆల్బమ్‌తో మొదలుపెట్టండి, అదే పేరుతో ఉన్న పాట ముందు వినండి. పాడే ఎలిజబెత్ స్టోక్స్ అరవదు, గమకాలు తియ్యదు, మామూలుగా మాట్లాడే గొంతుతోనే పాడుతుంది, కానీ పల్లవి వచ్చేసరికి గిటార్, బేస్, డ్రమ్స్ వాయించేవాళ్ళు కూడా తలో స్వరం అందుకుంటారు. మన తప్పెటగుళ్ళలో ఒకరు ఎత్తుకుంటే గుంపంతా అందుకున్నట్టు, మనకి తెలియకుండానే మనమూ పాడేస్తాం. వీళ్ళు యూనివర్సిటీలో జాజ్ చదువుకున్నవాళ్ళండి. ట్యూన్ చిన్నపిల్లలు కూడా పాడుకునేలా ఉంటుంది, దాని కింద గిటార్ ఎన్ని కార్డులు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, మారుస్తుందో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చూడండి, అప్పుడు తెలుస్తుంది ఆ చదువంతా ఎక్కడ దాచారో.

ఈ మాట నేను గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, సులువుగా నోటికొచ్చే పాట అంటే చాలామందికి చిన్నచూపు. మన ఊళ్ళో 1919 నుంచి సంగీత కళాశాల ఉంది, ఘంటసాల గారు అక్కడే చదువుకున్నారు. అంత శాస్త్రీయం నేర్చుకున్న గొంతే పొలాల్లో, రిక్షాల మీద అందరూ పాడుకునే పాటలు పాడింది. అందరి నోటా పలికే పల్లవి కట్టడం చాలా కష్టం, నా దృష్టిలో అదే పెద్ద విద్య.

రెండోది ఆల్వేస్, కెనడాలోని టొరంటో బ్యాండ్. వెతికేటప్పుడు స్పెల్లింగ్‌లో డబ్ల్యూ బదులు రెండు 'వి'లు కొట్టండి, లేదంటే దొరకదు. 2014 నాటి మొదటి ఆల్బమ్‌లో 'ఆర్చీ, మ్యారీ మీ' ఉంటుంది. అబ్బాయిని పేరు పెట్టి పిలిచి నన్ను పెళ్ళి చేసుకో అనడమే పల్లవి, అంతకుమించి ఏమీ లేదు, అయినా ఆ పిలుపు దగ్గర ట్యూన్ పైకి లేచినప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. పాడే మోలీ ర్యాంకిన్ వాళ్ళ నాన్న కెనడాలోనే కేప్ బ్రెటన్ అనే దీవిలో పేరున్న జానపద కుటుంబం బ్యాండ్‌లో ఫిడేలు వాయించేవారు. గిటార్ల హోరు ఎంత ఉన్నా ట్యూన్ చెదరదు, ఆ పెంపకం వల్లే అనుకుంటాను.

మూడోది వెన్ చాయ్ మెట్ టోస్ట్, కొచ్చి వాళ్ళు. బాంజో అనే తీగల వాయిద్యం ఉంటుంది, ఎక్కువ ఇంగ్లీషే, హుషారుగా ఉంటుంది. వైజాగ్ వెళ్ళే రైల్లో రెండు మూడు పాటలు బాగుంటాయి, అన్నీ వరసగా వింటే మాత్రం తీపి ఎక్కువైపోతుంది.

ఇక మన తెలుగులో చౌరస్తా, హైదరాబాద్ బ్యాండ్. తెలుగు మాటకి జమైకా వాళ్ళ రెగే దరువు కట్టారు, అంటే గిటార్ దెబ్బ తాళం మీద కాకుండా తాళానికీ తాళానికీ మధ్య పడుతుంది, అందుకే కూర్చున్నచోటే భుజాలు ఊగుతాయి. 'మాయ' వినండి. 'జాతిరత్నాలు'లో చిట్టి పాట పాడిన రామ్ మిర్యాల ఈ బ్యాండ్‌లో పాడినవాడే. చిట్టి తెలుసు, చౌరస్తా తెలీదు అంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఈ నాలుగూ అయ్యాక యాప్ ఏది వేస్తే అది వినకండి. నచ్చిన పాటలో ఎవరు వాయించారో చూడండి, ఆ మనిషిని పట్టుకుని వెళ్ళండి. ఉదాహరణకి ద బెత్స్ నచ్చితే న్యూజిలాండ్‌లోనే ద క్లీన్ అని పాత బ్యాండ్ ఉండేది. 1981లో 60 డాలర్లతో 'ట్యాలీ హో' రికార్డు చేశారు, అది అక్కడ టాప్ 20లోకి వెళ్ళింది. అందులో మనల్ని పట్టుకునేది ఆర్గాన్ బిట్టు. అది వాయించిన మార్టిన్ ఫిలిప్స్‌కి ద చిల్స్ అని సొంత బ్యాండ్ ఉండేది, వాళ్ళ 1990 పాట 'హెవెన్లీ పాప్ హిట్' ఈ రాత్రికే వినండి, వచ్చే వీడియో ద చిల్స్ మీదే చేస్తున్నాను.