జీడీలో నా పేరు

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న మా వదినకు, మాజీ సైనికుల సంఘం మిత్రులకు, రిటైరైన పోలీసు సోదరులకు నమస్కారం. మన మిలిటరీ సారు సంస్మరణ సభలో మాట్లాడటానికి నాకు పది నిమిషాలు ఇచ్చారు. ముప్పై ఏళ్ళు బడిలో పాఠం చెప్పినవాణ్ణి, పది నిమిషాల్లో నాకు హాజరు పిలవడమే పూర్తి కాదు. అయినా ప్రయత్నిస్తాను.

ముందు నా వెనకున్న ఈ ఫ్లెక్సీ గురించి ఒక మాట. కుర్రాళ్ళు ప్రేమగా చేయించారు, తప్పు పట్టడం లేదు. కానీ సారు పేరు కింద హెడ్ కానిస్టేబుల్ అని వేశారు. 2007లో ఏఎస్ఐగా, అంటే దానికి ఒక మెట్టు పైన, రిటైరయ్యాడు ఆయన. వదిన అప్పటినుంచి నాకు సైగ చేస్తూనే ఉంది, చెప్పు చెప్పు అని. చెప్పాను వదినా. రెండోది, ఆయన ఫొటో పక్కన ట్యాంకు బొమ్మ పెట్టి 'శత్రువుల గుండెల్లో నిద్రపోయిన వీరుడు' అని రాశారు. మన మిలిటరీ సారు ట్యాంకు ఎక్కినవాడు కాదు. ట్యాంకు కంటే ముందు నేల మీద పాకుతూ పోయినవాడు. ఆ తేడా చెప్పడానికే ఇవాళ వచ్చాను అనుకోండి.

ఇవాళ డిసెంబరు 16. 1971లో ఇదే రోజు ఢాకాలో 93 వేల మంది లొంగిపోయారని టీవీలో పొద్దున్నుంచి చెప్తున్నారు. ఆయన ఉన్నది ఆ వైపు కాదు. పడమటి సరిహద్దులో, శకర్‌గఢ్ దిక్కు. 1968లో పందొమ్మిదేళ్ళ వయసులో పరకాల దగ్గర పల్లెనుంచి కాజీపేటకు వచ్చి రైలెక్కి, బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో చేరాడు. అక్కడి జవాన్లను తంబీలు అంటారు. తెలుగువాడైనా తంబే. ఆయన పని మందుపాతరలు. పెట్టడం, తీయడం.

ఈ పని ఎట్లా చేస్తారో నాకు ఒకసారి చూపించాడు. మా ఇల్లు కడుతున్నప్పుడు వాకిట్లో ఇసుక కుప్ప ఉండేది. జండూబామ్ డబ్బీ ఒకటి తీసుకుని, మమ్మల్ని అటు తిరగమని, ఎక్కడో పాతాడు. నా మనవడి చేతికి సైకిల్ చువ్వ ఇచ్చి వెతకమన్నాడు. వాడు నిలబడి పైనుంచి నిలువునా గుచ్చాడు. ‘పోయినవ్ బిడ్డా’ అన్నాడు ఈయన. వాడు నవ్వుతుంటే బోర్లా పడుకోబెట్టి, చువ్వను ఏటవాలుగా పట్టించాడు. నేలకు ముప్పై డిగ్రీలు. పాతరకు పైన ఉంటుందట ప్రాణం, దాని మీద బరువు పడితే పేలుతుంది. పక్కనుంచి వస్తే చువ్వ మొన దాని ఒడలికి తగిలి ఆగుతుంది. వేళ్ళకు తెలుస్తుంది. గుచ్చడం, తీయడం, బెత్తెడు జరగడం, మళ్ళీ గుచ్చడం. మనవడికి ఐదు నిమిషాల్లో విసుగొచ్చి లేచిపోయాడు. ఈయన మాత్రం ఆ ఇసుకలో బోర్లా పడుకుని, డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, డబ్బీ దొరికేదాకా లేవలేదు. తను పాతిన డబ్బీయే. ఎక్కడుందో తెలుసు. అయినా వరుస తప్పించి ముందుకు పోలేదు. బనీను నిండా ఇసుక. వదిన తిట్టిన తిట్లు మా వీధంతా విన్నది.

ఆ రోజు ఇంకో సంగతి చెప్పాడు. యుద్ధం జరిగింది పద్నాలుగు రోజులు. మూడో తారీఖు సాయంత్రం మొదలై, పడమట పదిహేడో తారీఖు రాత్రికి ఆగింది. కానీ పాతరలు తీసేవాళ్ళకు అప్పుడే మొదలైంది అన్నాడు. గోధుమ చేలల్లో రైతులు మళ్ళీ నాగలి కట్టాలి కదా. నెలల తరబడి తీశారు. మనవాళ్ళు పెట్టినవాటికి మ్యాపు ఉంటుంది. ఎన్ని పెట్టారు, ఏ వరుసలో, ఏ చెట్టునుంచి ఎన్ని అడుగులు, అన్నీ రాసి సంతకం పెట్టాలి. ఇది సైన్యంలో కచ్చితమైన పద్ధతి. ‘పెట్టినోడు రాయాలె పంతులూ. తీసినోడు కూడ రాయాలె. రెండు లెక్కలు కలిస్తేనే రైతును చేన్లకు పంపాలె. ఒక్కటి తక్కువైనా పంపొద్దు.’

ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

పదిహేనేళ్ళు చేసి, హవల్దారుగా పెన్షన్ తీసుకుని, 1984లో మాజీ సైనికుల కోటాలో మన జిల్లా పోలీసులో కానిస్టేబుల్‌గా చేరాడు. అక్కడ హవల్దారు, ఇక్కడ మళ్ళీ మొదటి మెట్టు. తనకంటే పన్నెండేళ్ళు చిన్నవాడైన ఎస్సైకి సెల్యూట్. దాని గురించి ఎప్పుడూ బాధపడలేదని చెప్పను. బాధపడ్డాడు. ఒకసారి తాగి చెప్పాడు కూడా. సరే.

ఇప్పుడు నా సంగతి. నిర్వాహకులు క్షమించాలి, ‘ఆయన సేవలు’ అని విషయం ఇచ్చారు, నాకు ఆయన చేసిన సేవ ఒక్కటే బాగా తెలుసు.

1987. నేను కాకతీయ యూనివర్సిటీలో ఎం.ఏ. చదువుతున్నాను. ఆ రోజులు ఈ హాల్లో సగం మందికి తెలుసు, మిగతా సగానికి చెప్పినా అర్థం కావు. గోడ మీద ఎర్ర రంగుతో ఒక వాక్యం రాస్తే చాలు, నక్సలైటు అని పట్టుకుపోయేవాళ్ళు. మేం ముగ్గురం రాశాం. వాన పడుతున్న రాత్రి, బకెట్లో రంగు పలచబడిపోతుంటే జీపు వచ్చింది. ఏ స్టేషనుకు తీసుకుపోయారో పేరు చెప్పను. మావాళ్ళు ఇద్దరు దారిలోనే దూకి పారిపోయారు. నేను దొరికాను. కారణం, నా చెప్పు తెగింది.

స్టేషన్లో నన్ను ఒక గదిలో కూర్చోబెట్టారు. పెద్ద సారు ఎటో పోయాడు, తెల్లారేలోపు వస్తానన్నాడు. పోతూ ‘వీణ్ణి ఇప్పుడే లెక్కలోకి తీసుకోవద్దు’ అన్నాడు. ఆ మాటకు అర్థం నాకు తెలుసు. మా హాస్టల్లో అందరికీ తెలుసు. లెక్కలో లేని మనిషి తెల్లారి ఏ అడవిలో తేలతాడో, పేపర్లో ఏమని వస్తుందో. నాకు ఒంటికి పోయవలసి వచ్చింది, కానీ అడగడానికి నోరు పెగల్లేదు. అంత భయం.

స్టేషన్ రైటరు ఒకడు బల్ల దగ్గర లాంతరు పెట్టుకుని రాస్తున్నాడు. కరెంటు లేదు. కొత్తగా వచ్చిన మనిషి, వీపు నిటారుగా ఉంది. చాలాసేపు నా వైపు చూడలేదు. తర్వాత పెద్ద పుస్తకం ఒకటి ముందుకు లాక్కుని, ‘పేరేంది తమ్మీ’ అన్నాడు. చెప్పాను. నాయిన పేరు. ఊరు. ‘తాలూకా చెప్పు.’ ‘ఇప్పుడు మండలం సార్’ అన్నాను. ఎందుకన్నానో! ‘సరే మండలమే చెప్పు’ అన్నాడు. జేబులో ఏమున్నాయి? ఏడు రూపాయలు, పెన్ను. చేతికి హెచ్ఎంటీ గడియారం. మోచేతి మీద మచ్చ. అన్నీ రాశాడు. కాలు ఎత్తమని తెగిన చెప్పు కూడా చూసి రాశాడు. టైము రాశాడు, రాత్రి ఒంటిగంట నలభై. పైకి చదివి వినిపించాడు, బడిలో డిక్టేషన్ చదివినట్టు. తర్వాత నీళ్ళ చెంబు ఇచ్చి ‘పో, ఒంటికి పోసి రా’ అన్నాడు.

అది జీడీ. జనరల్ డైరీ. పోలీసు మిత్రులకు చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకు చెప్తాను. దాని పేజీలకు నంబర్లు ఉంటాయి. చింపితే తెలిసిపోతుంది. అందులో పేరు ఎక్కితే ఆ మనిషి స్టేషన్లో ఉన్నట్టే, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టవలసిందే. రాజ్యాంగం 22వ అధికరణలో ఉంది. కాగితం మీద అప్పుడూ ఉంది.

తెల్లవారుజామున పెద్ద సారు వచ్చి పుస్తకం తెరిచాడు. ‘ఎవడు రాయమన్నడు?’ అని అరిచాడు. ఈయన అటెన్షన్‌లో నిలబడి ‘టైమైంది సార్, రాసిన’ అన్నాడు. అంతే. చెంప మీద కొట్టిన చప్పుడు నాకు వినిపించింది. ఎవరిని కొట్టాడో చూడలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత అడిగితే, ‘నిన్నైతే కాదుగదా’ అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం నన్ను కోర్టులో పెట్టారు. కోర్టు మెట్ల మీద మా నాయిన కూర్చుని ఉన్నాడు. ఎవరో పోలీసాయన పొద్దున్నే సైకిల్ మీద వచ్చి చెప్పిపోయాడన్నాడు. పద్దెనిమిది కిలోమీటర్లు, వానలో.

నెల తిరక్కుండా ఆయనకు ఏటూరునాగారం వైపు బదిలీ అయింది. నేను బెయిలు మీద వచ్చి, కేసు కొట్టేశాక, ఉద్యోగం తెచ్చుకుని, పెళ్ళి చేసుకుని, పిల్లల్ని కని, ఒక్కసారి కూడా ఆయన ఎక్కడున్నాడో కనుక్కోలేదు. మనకు అప్పుడు పోలీసు అంటే ఒకటే. ఏ పోలీసుకైనా కృతజ్ఞత చెప్పడం సిగ్గు అనుకునే వయసు. 2003లో ఏనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య కనిపించాడు. నేను గుర్తుపట్టలేదు. ఆయనే ‘చెప్పు కుట్టించుకున్నవా తమ్మీ’ అన్నాడు.

చీటీ పంపారు, చూశాను. ఇంకో ఐదు నిమిషాలు.

1996లో సుప్రీంకోర్టు డి.కె.బసు కేసులో ఆదేశాలు ఇచ్చింది. అరెస్టు చేస్తే మెమో రాయాలి, సాక్షి సంతకం ఉండాలి, ఇంటివాళ్ళకు చెప్పాలి, డైరీలో ఎక్కించాలి. ఆ తీర్పు చదివినప్పుడు నాకు లాంతరు వెలుగే గుర్తొచ్చింది. కోర్టు చెప్పడానికి తొమ్మిదేళ్ళ ముందు, చెప్పకుండానే, ఒక కానిస్టేబుల్ చేశాడు. ఎందుకు చేశావన్నా అని అడిగాను. నా మీద జాలి అనలేదు. మానవ హక్కులు అనలేదు. పాతర సంగతే చెప్పాడు. ‘ఎక్కడ పెట్టిండ్రో రాయకపోతే రేపు ఎవడో తొక్కుతడు. మనిషైనా గంతే.’

ఏటూరునాగారం, తాడ్వాయి అడవుల్లో ఆయనకు మళ్ళీ పాతరలే ఎదురొచ్చాయి. కల్వర్టుల కింద నక్సలైట్లు పెట్టినవి. వాటికి మ్యాపు లేదు, వరుస లేదు. రోడ్డు పక్క గడ్డి ఒకవైపుకు వాలి ఉంటే జీపు ఆపించి దిగేవాడట. తొందరలో ఉన్న ఆఫీసర్లు తిట్టేవాళ్ళట. ఎన్నిసార్లు తిట్లే మిగిలాయో, ఎన్నిసార్లు నిజంగా తీగ దొరికిందో అడిగితే నవ్వేవాడు.

మేడారం డ్యూటీ గురించి చెప్పకపోతే వదిన ఊరుకోదు. రెండేళ్ళకోసారి జాతరలో తప్పిపోయిన పిల్లల దగ్గర కూర్చునే పని అడిగి వేయించుకునేవాడు. పేరు కంటే ముందు అంగీ రంగు రాసేవాడు. పిల్లలు పేరు తప్పు చెప్తారు, అమ్మ పేరు అడిగితే ‘అమ్మ’ అంటారు, అంగీ మాత్రం అబద్ధమాడదు అనేవాడు.

ఏటా అక్టోబరు 21న పోలీసు అమరులను తలుచుకుంటాం. 1959లో లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనావాళ్ళ కాల్పుల్లో పది మంది పోయారు, ఆ రోజు అది. ఆ ఏడాది చనిపోయినవాళ్ళ పేర్లు చదువుతారు. చదవాలి. నా బాధ ఒకటే. ఎవరినీ చావనివ్వకుండా చేసినవాడి పేరు ఏ రోజు చదువుతాం? ఆ రాత్రి నాతోపాటు ఆయనకూ పేపర్లో పేరు రావలసిన అవసరం లేకుండా పోయింది. అందుకే ఎవరికీ తెలియదు.

ఇక ఒక్క మాట, చెప్పనా వద్దా అని పొద్దున్నుంచి అనుకుంటున్నాను. ఆయన చేతి దెబ్బ తిన్నవాళ్ళు ఈ హాల్లో ఉండొచ్చు. ఆ వెనక వరుసలో మీరు నవ్వుతున్నారు, నాకు కనిపిస్తోంది. ఆయన దేవుడు కాదు. మంచాన పడ్డాక ఒక సాయంత్రం తనంతట తనే అన్నాడు: ‘రాయని రోజులు కూడ ఉన్నయి పంతులూ.’ ఎన్ని అని నేను అడగలేదు. అడగవలసింది. పంతుల్ని కదా, అందరినీ ప్రశ్నలడిగాను జీవితమంతా, అది అడగలేకపోయాను.

ఆయన నల్ల ట్రంకు పెట్టె వదిన దగ్గర ఉంది. బెంగళూరునుంచి తెచ్చిన పెట్టె, మూత మీద తెల్ల రంగుతో ఆర్మీ నంబరు. అందులో జేబు డైరీలు ఉన్నాయి. రిటైరయ్యాక కూడా ఆపలేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చిన తేదీ, గ్యాస్ బండ వచ్చిన తేదీ, మా ఇంటికి వచ్చి చాయ్ తాగకుండా పోయిన తేదీ, కారణంతో సహా. అబ్బాయి హైదరాబాదునుంచి వచ్చినప్పుడు పాత కాగితాలు తీసేద్దామన్నాడట. అబ్బాయీ, ఎక్కడున్నావు? ఆ, అక్కడ. పాత పేపర్లవాడికి వేయకు నాయనా. ఆ రాయని రోజులు కూడా అందులోనే ఎక్కడో ఖాళీగా ఉంటాయి.

ఇక్కడున్న రిటైర్డ్ పోలీసు మిత్రుల్ని అడుగుతున్నాను, మీ డైరీలు ఏమయ్యాయి? నక్సలైట్ల వైపు రాసినవాళ్ళు ఉన్నారు, హక్కుల సంఘాలు రాశాయి. మీరు రాయండి. రాసినవీ రాయనివీ రెండూ. కావాలంటే నేను అక్షరదోషాలు దిద్దిపెడతాను, ఫీజు వద్దు, చాయ్ ఇప్పించండి.

రెండో చీటీ వచ్చింది. వదినా, పెట్టె తాళంచెవి రేపు పొద్దున నేను వచ్చేసరికి తీసి పెట్టు. 1987 డైరీ ముందు చూద్దాం.