కేబుల్ చివర ఇసుక: ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) టెర్మినేటర్లు, కనెక్టర్ల సంగతి

[విశాఖ ఫిషింగ్ హార్బర్. తెల్లవారుతోంది. కెమెరా జెట్టీ గోడ మీద.]

నమస్కారం. ఈ గోడ దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అదిగో, అల వచ్చి గోడకి తగిలింది. పోవడానికి చోటు లేక వచ్చిన దారినే వెనక్కి మళ్లింది. వెనకాల వస్తున్న అలతో కలిసేసరికి ఒకచోట నీళ్లు ఎత్తుగా లేస్తున్నాయి, పక్కనే ఇంకోచోట దాదాపు కదలడం లేదు.

[ఆర్కే బీచ్. ఇసుక వాలు మీద అల పాకుతూ వస్తుంది.]

ఇదీ అదే సముద్రం. కానీ ఇక్కడ అల ఇసుక మీద పాకి, నురగై, ఇంకిపోయింది. వెనక్కి వెళ్లింది చాలా తక్కువ.

[చేతిలో చిన్న ఇత్తడి టెర్మినేటర్.]

వేలి కణుపంత ఉన్న ఈ ముక్క చేసే పని ఆ ఇసుకదే. కేబుల్ చివరికొచ్చిన రేడియో సిగ్నల్‌ను తిరిగి పోనివ్వకుండా తనలోకి తీసుకుని వేడిగా మార్చేస్తుంది. చివర ఏమీ పెట్టకుండా వదిలేస్తే అది జెట్టీ గోడే.

[బల్ల మీద రెండు కేబుళ్లు, పక్కపక్కన కోసి పెట్టినవి.]

ప్రతి కేబుల్‌కీ ఒక ఇంపెడెన్స్ ఉంటుంది, అంటే అందులో సాగే సిగ్నల్‌కి అది చూపే అడ్డు. టెర్మినేటర్ ఓములు ఆ అంకెతో సరిపోతేనే సిగ్నల్ అంతా ఇంకుతుంది. రేడియో పనుల్లో 50 ఓములు, టీవీ కేబుల్లో 75. మల్టీమీటర్ పెట్టి వెతికితే ఇది దొరకదు. లోపలి రాగి తీగ ఎంత లావు, పైన అల్లిక ఎంత ఎడంగా ఉంది, మధ్యలో ఏ ప్లాస్టిక్ వేశారు, వీటిని బట్టి వచ్చే అంకె ఇది. అందుకే కేబుల్ మీటరున్నా వంద మీటర్లున్నా మారదు.

ఈ రెండు అంకెలే ఎందుకు? మధ్యలో తీగ, చుట్టూ లోహపు తొడుగు ఉండే ఇలాంటి కేబుల్‌ని కోయాక్సియల్ అంటారు. ప్లాస్టిక్ బదులు లోపల గాలి మాత్రమే ఉన్న కోయాక్సియల్ లైన్‌లో నష్టం 77 ఓముల దగ్గర అన్నిటికంటే తక్కువ. మోయగల పవర్ మాత్రం 30 దగ్గర ఎక్కువ. పవర్ పంపేవాళ్లకి 50 మధ్యేమార్గంగా కుదిరింది. సిగ్నల్ అందుకుంటే చాలనుకునే టీవీకి 75 నప్పింది.

75 కేబుల్ చివర 50 టెర్మినేటర్ పెడితే ఏమవుతుంది? వోల్టేజీలో ఐదో వంతు వెనక్కి తిరుగుతుంది. పవర్‌లో చూస్తే అది 4 శాతం. ఇంట్లో టీవీకి 4 శాతంతో కొంపలేం మునగవు. కొలతలు తీసే ల్యాబులో మాత్రం ఒప్పుకోకండి.

ల్యాబు అంటే గుర్తొచ్చింది. ఇంజనీరింగ్ పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది: "సిగ్నల్ జనరేటర్‌లో 1 వోల్టు పెట్టాను సార్, స్కోపులో (సిగ్నల్‌ని తెరమీద చూపే ఆసిలోస్కోపులో) 2 వోల్టులు వస్తోంది. మెషీన్ పోయిందా?" ఏమీ పోలేదు. జనరేటర్ లోపల 50 ఓములున్నాయి, అవతల కూడా 50 ఉంటాయని నమ్మి అది 1 అని చూపిస్తుంది. స్కోపు ఇన్‌పుట్ మామూలుగా 10 లక్షల ఓములు. అందుకని మొత్తం 2 వోల్టులూ స్కోపుకే వచ్చేస్తాయి. స్కోపు దగ్గర T ఆకారపు కనెక్టర్ పెట్టి, దానికి 50 ఓముల టెర్మినేటర్ తగిలించండి. 1 వోల్టే వస్తుంది.

[టీవీ స్ప్లిటర్. ఒక పోర్టు ఖాళీ.]

కేబుల్ టీవీ స్ప్లిటర్లో ఖాళీగా మిగిలిన పోర్టుకి 75 ఓముల ఎఫ్-టైప్ (టీవీ కేబుళ్లకి ఉండే మరల మూతి) టెర్మినేటర్ బిగించండి. చవకే, మళ్లీ దాని జోలికి పోనక్కర్లేదు.

[నల్లబడిన ఒక టెర్మినేటర్, దగ్గరగా.]

ఇది నా ఘనకార్యం. 5 వాట్ల వాకీటాకీ హ్యాండ్‌సెట్ పరీక్షించడానికి ల్యాబు డబ్బాలో దొరికిన అర వాటు టెర్మినేటర్ తగిలించి బటన్ నొక్కాను. కొద్దిసేపటికే కమురు వాసన. ఓములు చూశాను గానీ వాట్లు చూడలేదు. ఈ చిన్నవి చాలావరకు అర వాటు, 1 వాటు, 2 వాట్ల సరుకే. ట్రాన్స్‌మిటర్‌కి పెట్టాలంటే రెక్కల హీట్‌సింక్ ఉన్న పెద్దది కావాలి, దాన్ని డమ్మీ లోడ్ అంటాం. సెట్టు 25 వాట్లదైతే 50 వాట్ల లోడ్ కొనండి. డబ్బా మీద రాసిన వాట్లు ఒక ఉష్ణోగ్రత వరకే వర్తిస్తాయి. మన మే నెల ఎండలో పడవ మీద ఇనుప రేకు ఎంత కాలుతుందో మీకు తెలుసు.

మల్టీమీటర్‌లో 50 ఓములు వచ్చినంత మాత్రాన టెర్మినేటర్ మంచిదైపోదు. బజారులో దొరికే 51 ఓముల మామూలు రెసిస్టర్ కూడా దాదాపు అంతే చూపిస్తుంది. 1 గిగాహెర్ట్జ్‌కి వెళ్లేసరికి దాని పొడుగు కాళ్లే కాయిల్‌లా అడ్డం పడతాయి. కొనేటప్పుడు ఏ ఫ్రీక్వెన్సీ దాకా పనికొస్తుందో అడగండి. వెనక్కి వచ్చేది ఎంత తక్కువో రిటర్న్ లాస్‌తో చెప్తారు. అది 20 డెసిబెల్స్ అంటే పవర్‌లో 1 శాతమే వెనక్కి వస్తోందని.

[కనెక్టర్లు వరసగా.]

ఇక కేబుల్ మూతులు, అంటే కనెక్టర్లు. బీఎన్‌సీని తోసి పావు తిప్పు తిప్పితే పట్టేస్తుంది. 4 గిగాహెర్ట్జ్ దాకా నమ్మొచ్చు. ఈ లావుపాటిది ఎన్-టైప్. 1940లలో బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన పాల్ నీల్ పేరులోని మొదటి అక్షరమే ఈ ఎన్. లోపల రబ్బరు వాషర్ ఉంటుంది కాబట్టి బయట వాడకానికి నాకిదే ఇష్టం. ఒక్క జాగ్రత్త: ఇందులో 50, 75 రెండు రకాలూ ఉన్నాయి. 50 దాని పిన్ను లావు. దాన్ని 75 సాకెట్‌లో బలవంతంగా దూరిస్తే లోపలి రేకులు విచ్చుకుపోతాయి, ఆ సాకెట్ ఇక పనికిరాదు.

ఈ సన్నది ఎస్ఎంఏ. 18 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది, కానీ సుకుమారం. తిప్పాల్సింది నట్టుని. కేబుల్‌నో టెర్మినేటర్ ఒంటినో పట్టుకుని తిప్పితే పిన్ను సాకెట్‌లో గిర్రున తిరిగి పైపూత గీరుకుపోతుంది. వైఫై రౌటర్ల యాంటెనాలకి చాలావాటికి ఉండేది ఆర్పీ-ఎస్ఎంఏ. మరలు అవే, పిన్ను ఉండాల్సిన చోట రంధ్రం ఉంటుంది. దాన్ని మామూలు ఎస్ఎంఏ సాకెట్‌కి బిగిస్తే చక్కగా బిగుస్తుంది, కానీ రంధ్రానికి ఎదురు రంధ్రమే. సిగ్నల్ దాటదు.

[మళ్లీ హార్బర్. పడవ మీద వీహెచ్ఎఫ్ సెట్టు.]

పడవల్లో ఎక్కువగా కనిపించే కనెక్టర్ పీఎల్-259. 1930ల నాటిది. యూహెచ్ఎఫ్ (చాలా పై ఫ్రీక్వెన్సీలు) అని పేరు గానీ, పై ఫ్రీక్వెన్సీల్లో దానికి నికరమైన ఇంపెడెన్స్ లేదు. సముద్రపు సెట్లు పనిచేసే 156 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచిపోతుంది. అసలు చిక్కు ఉప్పు గాలితో. ఈ కనెక్టర్ నీళ్లని ఆపదు.

ఒక బాబాయ్ నన్ను పిలిచి, "సెట్టు కొత్తదే బాబూ, అయినా మా మాట అవతలోడికి వినపడట్లేదు" అన్నాడు. ఎంత పవర్ వెళ్తోందో, ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి చూస్తే బ్రహ్మాండంగా ఉంది. చాలామంది ఇక్కడే మోసపోతారు. నీళ్లు దిగిన కేబుల్ సిగ్నల్‌ని వెళ్లేటప్పుడు కొంత, తిరిగొచ్చేటప్పుడు కొంత తానే తాగేస్తుంది. వెనక్కి వచ్చేది తగ్గిపోతుంది కాబట్టి మీటరు అంతా బాగుందంటుంది.

డమ్మీ లోడ్ అక్కరకొచ్చేది అప్పుడే. ముందు సెట్టు పక్కనే మీటరు, లోడ్ తగిలించి ఎన్ని వాట్లు వస్తున్నాయో రాసుకోండి. తర్వాత ఆ రెంటినీ పైకి తీసుకెళ్లి, యాంటెనా విప్పేసి, కేబుల్ ఆ కొసన పెట్టి మళ్లీ చూడండి. బటన్ నాలుగైదు సెకన్లు నొక్కితే చాలు. లోడ్ ఉన్నా సరే, 16వ ఛానెల్ మాత్రం వద్దు. అది ఆపదలో పిలవడానికి. మంచి ఆర్జీ-58 కేబుల్ 10 మీటర్లకి ఈ ఫ్రీక్వెన్సీలో 2 డెసిబెల్స్ తింటుంది. అంటే కింద 25 వాట్లు పెడితే పైకి 16 దాకా చేరాలి. బాబాయ్ పడవలో చేరింది 3.

[పై కనెక్టర్ కోసి చూపిస్తూ.]

అల్లికంతా పచ్చటి చిలుము. కొత్త కనెక్టర్‌కి సోల్డరింగ్ అయ్యాక దానంతటదే అతుక్కునే రబ్బరు టేపు సాగదీస్తూ చుట్టండి. కింద నుంచి మొదలుపెట్టి పైకి రావాలి, తాటాకు కప్పు నేసినట్టు పై పొర కింది పొర మీద పడాలి. పై నుంచి కిందికి చుట్టారంటే ప్రతి మడతా వాన నీటిని లోపలికి పట్టే దోసిలే.

ఆ రోజు మూడడుగులు కోసి పారేస్తే గానీ మెరిసే రాగి తగల్లేదు. కొత్త కనెక్టర్, టేపు, మళ్లీ డమ్మీ లోడ్. బాబాయ్ కింద బటన్ నొక్కాడు. పైన మీటరు 15 దగ్గర ఆగింది.