బెరుకు పిల్లల చూపుకు కంప్యూటర్ శిక్షణ: ఎంతవరకు నమ్మవచ్చు?

ఇక్కడికి వచ్చిన తల్లిదండ్రులకు, టీచర్లకు నమస్కారం.

నలుగురిలోకి వెళ్లాలంటే భయపడే పిల్లలకు కంప్యూటర్ మీద ఇచ్చే ఒక శిక్షణ గురించి మాట్లాడమని నన్ను అడిగారు. దాన్ని అటెన్షన్ ట్రైనింగ్ అంటున్నారు. పిల్లవాడు రోజూ కాసేపు తెర ముందు కూర్చుని బటన్లు నొక్కితే చాలు, భయం తగ్గుతుందని వింటే ఏ అమ్మానాన్నలకైనా ఆశ పుడుతుంది. ఆ ఆశ వెనక ఏళ్ల తరబడి సాగిన నిజమైన పరిశోధన ఉంది. అయితే ఆ పరిశోధన చివరికి ఎక్కడ తేలిందో చెప్పకుండా ఆశను మాత్రమే అమ్మడం అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. అందుకే ఇక్కడ మాట్లాడటానికి ఒప్పుకున్నాను.

ముందు భయం సంగతి చూద్దాం. బిడియం ఉన్న పిల్ల కొత్తవాళ్ల మధ్య కాసేపు ముడుచుకుని, ఆ తర్వాత ఆటలో కలిసిపోతుంది. సోషల్ యాంగ్జైటీ, అంటే నలుగురిలో ఉండాలంటేనే తీవ్రమైన భయం, ఉన్న పిల్ల కలవలేదు. అందరూ తననే చూస్తున్నారని, తప్పు చేస్తే నవ్వుతారని లోలోపల నలిగిపోతుంది. జవాబు తెలిసినా చెయ్యెత్తదు. క్లాసులో పాఠం చదవాల్సిన రోజున కడుపునొప్పి అంటుంది, ఆ నొప్పి నటన కాదు. చిన్నవాళ్లలో ఇది ఏడుపుగా, మారాంగా, అమ్మ కొంగు వదలకపోవడంగా, ఒక్కోసారి బొత్తిగా నోరు మెదపకపోవడంగా బయటపడుతుంది. చూసేవాళ్లు దాన్ని పొగరనుకుంటారు. పెద్దల ముందే కాక తోటి పిల్లల మధ్య కూడా ఇలాగే ఉంటూ, 6 నెలలు గడిచినా తగ్గక, చదువుకూ స్నేహాలకూ అడ్డుపడుతుంటే వైద్యులు దాన్ని రుగ్మతగా లెక్కిస్తారు. ఎక్కువమందిలో 8 నుంచి 15 ఏళ్ల మధ్య మొదలవుతుంది.

ఇక చూపు దగ్గరికి వద్దాం. 1986లో కోలిన్ మెక్‌లియోడ్, ఆండ్రూ మాథ్యూస్, ఫిలిప్ టాటా అనే మనస్తత్వవేత్తలు ఒక చిన్న పరీక్ష తయారుచేశారు. వాళ్లు మాటలతో చేశారు, తర్వాతివాళ్లు ముఖాల ఫొటోలు వాడారు. తెర మీద ఒకేసారి రెండు ముఖాలు కనిపిస్తాయి, ఒకటి కోపంగా, ఇంకొకటి మామూలుగా. సుమారు అర సెకనులో రెండూ మాయమై, వాటిలో ఒకటి ఉన్న చోట ఒక చుక్క వస్తుంది. చుక్క కనపడగానే బటన్ నొక్కాలి. కోపపు ముఖం ఉన్న వైపు చుక్క వచ్చినప్పుడు ఎవరైనా మరింత తొందరగా నొక్కుతుంటే, వాళ్ల చూపు అప్పటికే అక్కడికి చేరి ఉందన్నమాట. మనస్తత్వవేత్త యాయిర్ బార్-హైమ్ బృందం 172 అధ్యయనాలను కలిపి 2007లో లెక్కకట్టింది. ఆందోళన ఉన్నవాళ్ల ధ్యాస ముప్పు వైపు మొగ్గుతుందని, పిల్లల్లోనూ అంతేనని తేలింది. గదిలో ఇరవై మంది ఉంటే, ముఖం చిట్లించిన ఆ ఒక్కరే మన పిల్లకు ముందు కనపడతారు.

ఈ మొగ్గును మార్చలేమా అన్న ప్రశ్నే శిక్షణగా మారింది. అదే ఆటలో చుక్క ఎప్పుడూ మామూలు ముఖం ఉన్న చోటే వచ్చేలా పెడతారు. కొన్ని వందల సార్లు ఆడాక చూపు తనంతట తాను అటు వెళ్లడం అలవాటవుతుందని ఆలోచన. 2009లో సోషల్ యాంగ్జైటీ ఉన్న 36 మంది పెద్దవాళ్లతో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, శిక్షణ పొందినవాళ్లలో 72 శాతం మంది ఆ రుగ్మత పరిధి నుంచి బయటపడ్డారు. పోలిక కోసం ఉత్తుత్తి శిక్షణ, అంటే చుక్క రెండు వైపులా సమానంగా వచ్చే అదే ఆట, పొందినవాళ్లలో 11 శాతమే. మాట లేదు, మందు లేదు, ఇంత ఫలితమా అని అందరూ ఉత్సాహపడ్డారు. 2012లో ఆందోళన ఉన్న 8 నుంచి 14 ఏళ్ల పిల్లల మీద చేసిన ప్రయోగంలోనూ మంచి ఫలితమే వచ్చింది.

ఆ తర్వాతి కథ అంత సాఫీగా లేదు. స్వీడన్‌లో ఇదే శిక్షణను ఇంటర్నెట్ ద్వారా ఇంటికి పంపిస్తే అసలుకూ ఉత్తుత్తిదానికీ తేడా కనపడలేదు. సోషల్ యాంగ్జైటీ ఉన్న పిల్లలతో 2016లో, 12 నుంచి 16 ఏళ్లవాళ్లతో 2019లో వచ్చిన అధ్యయనాలు కూడా అసలు శిక్షణది పైచేయి అని చూపలేకపోయాయి. గమనించాల్సింది ఏమిటంటే, 2016 అధ్యయనంలో రెండు గుంపుల పిల్లలకూ భయం తగ్గింది. ఇంటి నుంచి బయలుదేరి రావడం, పరిచయం లేని పెద్దవాళ్ల పక్కన కూర్చుని పని చెయ్యడం, అన్నేసి ముఖాలను తప్పించుకోకుండా చూడటం కూడా ఆ మార్పులో పాలు పంచుకున్నాయేమో అనుకుంటాను. ఇది నా ఊహే, రుజువైన మాట కాదు.

చుక్క పరీక్షకే ఒక లోపం ఉంది. ఒకే మనిషికి ఇవాళ వచ్చిన స్కోరు, మరోసారి పెడితే వచ్చిన స్కోరు సరిగా కలవవు. పైగా భయపడే పిల్లలందరి చూపూ కోపపు ముఖం వైపే పోదు, కొందరు చప్పున తల తిప్పేసుకుంటారు. వాళ్లకు చూపు తిప్పడం నేర్పితే ఏం ఒరుగుతుంది? ఇందుకే కొత్త దారులు వెతుకుతున్నారు. ఆస్ట్రేలియాలో ఒక బృందం కోపపు ముఖాల మధ్య నవ్వుముఖాన్ని పిల్లల చేత వెతికించింది. పెద్దవాళ్లకైతే కంటి కదలికను కెమెరాతో పట్టి, మామూలు ముఖాన్ని చూస్తున్నంతసేపే వాళ్లకు నచ్చిన పాట వినిపించే పద్ధతి వచ్చింది, 2017లో దాని మొదటి ఫలితాలు బాగున్నాయి. వీటిని ఇంకా పరీక్షించాలి.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది వేరే ఉంది. ఈ శిక్షణకు పిల్ల ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఇంట్లో ఇచ్చే ప్రోగ్రామైతే గుమ్మం కూడా దాటక్కర్లేదు. నోరు విప్పలేని పిల్లకు మొదట అది ఊరటే, కాదనను. కానీ ఈ భయం బతికేదే తప్పించుకోవడం మీద. తప్పించుకున్న ప్రతిసారీ "హమ్మయ్య, బతికిపోయాను" అనిపిస్తుంది, మరుసటిసారి ఇంకాస్త భయమేస్తుంది. తెర ముందు గంటలు గడిపి, మనుషుల మధ్యకు మాత్రం వెళ్లకపోతే ఆ ముడి అలాగే ఉంటుంది.

ఆ ముడి విప్పడానికి ఎక్కువ ఆధారాలున్న మార్గం సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స. భయపడే పనులను తేలికదాని నుంచి కష్టమైనదాకా వరసపెట్టి, ఒక్కో మెట్టూ పిల్ల చేత ఎక్కించడం అందులో ప్రాణం. బ్రిటన్‌లో వైద్య చికిత్సలకు మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఈ పిల్లలకు దీన్నే సూచించింది. అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల వయసున్న, సోషల్ యాంగ్జైటీ సహా మూడు రకాల ఆందోళన రుగ్మతలున్న 488 మందితో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. సీబీటీ ఒక్కటే తీసుకున్నవాళ్లలో దాదాపు 60 శాతం, సెర్ట్రలిన్ మందు కూడా కలిపి తీసుకున్నవాళ్లలో 81 శాతం బాగా మెరుగయ్యారు. ఉత్తుత్తి మాత్రతో మెరుగైనవాళ్లు 24 శాతం. మందు విషయం పిల్లల మానసిక వైద్యులే తేల్చాలి.

తల్లిదండ్రులకు కష్టమైన పని ఒకటి చెబుతాను. ఎవరైనా "నీ పేరేంటమ్మా?" అని అడిగినప్పుడు మీరు జవాబు చెప్పకండి. పిల్ల అవస్థ చూసి జవాబు మీ గొంతు దాకా వచ్చేస్తుంది, ఆపుకోండి. కాసేపు ఆగండి. గుసగుసగా చెప్పినా చాలు, అది ఒక మెట్టే. ఎవరైనా కంప్యూటర్ శిక్షణ ఇస్తామంటే, దాంతోపాటు ఈ మెట్లు ఎవరు ఎక్కిస్తారో అడగండి. సమాధానం లేకపోతే మీ డబ్బు, మీ పిల్ల సమయం అక్కడ పెట్టకండి. ఉంటే, చికిత్సకు తోడుగా వాడి చూడటంలో నాకు అభ్యంతరం లేదు.

టీచర్లకు ఒక విన్నపం. ఇలాంటి పిల్లను ఉన్నట్టుండి అందరి ముందు లేపకండి, అలాగని అసలు అడగడం మానెయ్యకండి. రేపు ఏ ప్రశ్న అడుగుతారో ఈ రోజే పక్కకు పిలిచి చెప్పండి. మొదటి వారం మీ బల్ల దగ్గర, మీకు మాత్రమే వినపడేలా చెప్పనివ్వండి. తర్వాత పక్కనున్న స్నేహితురాలి ముందు, ఆ తర్వాత కూర్చున్న చోటి నుంచి ఒక్క వాక్యం. ఏ వారం ఎక్కడ ఆగిందో తల్లిదండ్రులకు రాసి పంపండి, చికిత్స చేసేవాళ్లు తర్వాతి మెట్టు ఏమిటో ఆ చీటీ చూసే నిర్ణయిస్తారు.