అగొమెలటిన్: మెలటోనిన్‌కు దాయాది

శ్రోతలకు నమస్కారం. చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి విడుదల చేసే నిద్ర హార్మోన్ మెలటోనిన్ పేరు మీరు వినే ఉంటారు. ఆ అణువును నమూనాగా తీసుకుని తయారుచేసిన మందు అగొమెలటిన్. మెలటోనిన్ నడుమ నత్రజని ఉన్న ఇండోల్ వలయం ఉంటుంది. దాని స్థానంలో నాఫ్తలీన్ వలయం పెట్టారు. అవును, బట్టల మధ్య వేసే ఉండల్లోని నాఫ్తలీనే. మరో అణువులో భాగమయ్యాక దాని గుణాలు వేరులెండి. పక్క గొలుసులు మాత్రం రెండింటికీ ఒకటే.

అందుకే కణాల మీద మెలటోనిన్ అతుక్కునే చోట్లయిన ఎంటీ1, ఎంటీ2 గ్రాహకాలను ఇదీ ప్రేరేపిస్తుంది. పైగా మెదడులో సందేశాలు మోసే సెరొటోనిన్ అనే రసాయనానికి ఉన్న 5-హెచ్‌టీ2సీ గ్రాహకాన్ని అడ్డుకుంటుంది. ఈ రెండు గుణాలూ ఉండబట్టే ఇది డిప్రెషన్ మందు అయింది. పెద్దవాళ్ల డిప్రెషన్‌కు ఐరోపా యూనియన్ 2009లో అనుమతి ఇచ్చింది. నిద్ర పట్టని రాత్రి ఒకటి వేసుకుని చూద్దామనుకునే మాత్ర మాత్రం కాదు.

మామూలు మోతాదు పడుకునే ముందు 25 మిల్లీగ్రాములు. రెండు వారాలైనా గుణం కనిపించకపోతే డాక్టరు 50కి పెంచవచ్చు. ఒక రాత్రి మరిచిపోతే మర్నాడు మామూలు వేళకు మామూలు మోతాదే. రెండు రోజులదీ కలిపి వేసుకోకూడదు.

అసలు జాగ్రత్తంతా కాలేయం దగ్గరే. కొందరిలో ఈ మందు కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందుకే మొదలుపెట్టే ముందు, తర్వాత 3, 6, 12, 24 వారాలకు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ రక్తపరీక్షలు చేయించాలి. మోతాదు పెంచితే ఈ వరస మళ్లీ మొదటికి వస్తుంది. ఆ అంకెలు సాధారణ గరిష్ఠ పరిమితికి మూడు రెట్లు దాటితే మందు ఆపేస్తారు. మూత్రం ముదురు రంగులోకి మారినా, కళ్లు పచ్చబడినా, పొట్ట పైభాగంలో కుడివైపు నొప్పి వచ్చినా పరీక్ష తేదీ కోసం ఎదురుచూడకండి, మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవండి. కాలేయ జబ్బు ఉన్నవాళ్లకు అసలు ఇవ్వరు. 75 ఏళ్లు, ఆ పైబడిన వాళ్లకూ ఇవ్వరు, ఆ వయసులో పనిచేస్తుందని రుజువు కాలేదు కాబట్టి.

మింగిన మందులో చాలా భాగం రక్తంలో చేరకముందే కాలేయంలో విరిగిపోతుంది. ఒంటికి దక్కేది 5 శాతం లోపే. విరగ్గొట్టేది ముఖ్యంగా సీవైపీ1ఏ2 అనే ఎంజైము. దాన్ని ఫ్లువోక్సమిన్ అనే మరో డిప్రెషన్ మందు గట్టిగా అణచేస్తుంది. రెండూ కలిపి వాడితే రక్తంలో అగొమెలటిన్ దాదాపు 60 రెట్లు పెరుగుతుంది. సిప్రోఫ్లాక్సాసిన్ యాంటీబయాటిక్‌తోనూ ఇది నిషిద్ధం. జ్వరానికో ఇన్‌ఫెక్షన్‌కో వేరే డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాత్ర పేరు చెప్పడం మరిచిపోవద్దు.

పొగతాగేవాళ్లలో ఇదే ఎంజైము జోరందుకుని మందు మరీ తగ్గిపోతుంది. దానికి కారణం నికోటిన్ కాదు, పొగలోని ఇతర రసాయనాలు. కాబట్టి మందు వాడుతూ ఉండగా సిగరెట్లు మానేస్తే రక్తంలో దాని పాళ్లు పెరుగుతాయి. మానడం మంచిదే, డాక్టరుకు మాత్రం ఆ సంగతి చెప్పండి.