జొన్నన్నం, వరన్నం, ఒక సీసా మూత్రం

నమస్కారం అండీ. ఈ టైమ్‌కి మీలో కొందరు భోజనానికి కూర్చుని ఉంటారు, అందుకే ముందే చెప్పేస్తున్నా, ఇవాళ మాట్లాడుకునేది మూత్రం గురించి. ఇబ్బందనుకుంటే కాస్త సౌండ్ తగ్గించుకోండి, ఆపేయొద్దు మాత్రం, మధ్యలో అన్నం సంగతి కూడా వస్తుంది.

2006 జులై, టూర్ ద ఫ్రాన్స్ సైకిల్ రేసు. ఫ్లాయిడ్ లాండిస్ అని అమెరికా ఆయన, అప్పటిదాకా అందరికన్నా ముందున్నాడు. 16వ స్టేజిలో కొండెక్కలేక చతికిలబడ్డాడు, ఒక్క రోజులో 11వ స్థానానికి జారి 8 నిమిషాలు వెనకబడిపోయాడు. అయిపోయింది ఈయన పని అనుకున్నారంతా. మర్నాడు 17వ స్టేజి, మళ్ళీ ఆల్ప్స్ కొండలే, ఒక్కడే తొక్కుకుంటూ వెళ్ళిపోయి రెండోవాడికన్నా దాదాపు 6 నిమిషాల ముందు చేరాడు. టూర్ కూడా గెలిచేశాడు. కానీ ఆ 17వ స్టేజి అయ్యాక ఇచ్చిన మూత్రం అప్పటికే పారిస్ దగ్గర ల్యాబ్‌లో ఉంది.

ల్యాబ్‌లో ముందు చూసేది ఒక నిష్పత్తి. మన ఒంట్లో టెస్టోస్టిరాన్ అని కండలు పెంచే హార్మోన్ తయారవుతుంది, దాని పక్కనే ఎపిటెస్టోస్టిరాన్ అని ఇంకోటి, చాలామందికి రెండూ కాస్త అటూ ఇటూగా సమానం. బయటినుంచి టెస్టోస్టిరాన్ తీసుకుంటే మొదటిది పెరుగుతుంది, రెండోది పెరగదు. జర్మనీలో మాన్‌ఫ్రెడ్ డోనికె అనే కెమిస్టు 1980ల మొదట్లో ఈ లెక్క పట్టుకొచ్చాడు. అప్పట్లో 6కి 1 దాటితే అనుమానం, తర్వాత దాన్ని 4కి తగ్గించారు. లాండిస్‌ది 11కి 1.

నా ఒళ్ళే అంత, పుట్టుకతోనే నాకెక్కువ అన్నాడాయన, ముందు రాత్రి విస్కీ తాగానని కూడా అన్నాడు. విస్కీ సంగతి పక్కన పెట్టండి, పుట్టుకతో ఎక్కువుండేవాళ్ళు నిజంగానే ఉంటారు. మరి ఒంట్లో పుట్టిన టెస్టోస్టిరాన్, ఫ్యాక్టరీ టెస్టోస్టిరాన్ రెండూ అచ్చం ఒకటే అణువు కదా, ఎలా విడదీస్తారు?

ఇక్కడే అన్నం వస్తుంది. కార్బన్‌లో నూటికి ఒకటి చొప్పున కాస్త బరువైన పరమాణువు ఉంటుంది, కార్బన్ 13 అంటారు. జొన్న, మొక్కజొన్న, చెరకు, వీటిలో ఆ బరువుది కొంచెం ఎక్కువ. వరి, గోధుమ, సోయాలో కొంచెం తక్కువ. మనం తిన్నదే మన ఒళ్ళవుతుంది కాబట్టి ఒంట్లో తయారైన హార్మోన్‌కి మన తిండి గుర్తు ఉంటుంది. ఫ్యాక్టరీ టెస్టోస్టిరాన్ ఎక్కువగా సోయా లాంటి మొక్కల సరుకుతో చేస్తారు, అది తేలిక. అదండీ కిటుకు.

మరి ఒకడు రోజూ వరన్నం, సోయానే తింటే పాపం ఊరికే దొరికిపోడా? మొదటిసారి విన్నప్పుడు నాకూ ఇదే డౌటొచ్చింది. దొరకడు. ఎందుకంటే వాణ్ణి పక్కవాడితో పోల్చరు, వాడితోనే పోలుస్తారు. అదే మూత్రంలో, టెస్టోస్టిరాన్ తీసుకున్నా మారని ఇంకో స్టెరాయిడ్‌ని, అంటే టెస్టోస్టిరాన్ కుటుంబంలోదే ఇంకోదాన్ని, తీసి పక్కన పెడతారు. సన్నని పొడుగాటి గొట్టంలోంచి పంపితే ఒక్కో స్టెరాయిడ్ ఒక్కో టైమ్‌కి బయటికొస్తుంది, వచ్చింది వచ్చినట్టే కాల్చేస్తారు, కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, ఆ గ్యాస్‌లో మామూలు కార్బన్ ఉన్న 44 బరువుది ఎంత, కార్బన్ 13 ఉన్న 45 బరువుది ఎంత అని మెషీన్ లెక్కేస్తుంది. రెండు స్టెరాయిడ్లకీ మధ్య తేడా వెయ్యికి 3 దాటిందా, బయటి సరుకే.

లాండిస్‌ది బయటి సరుకే అని తేలింది, అదే మూత్రం విడిగా దాచిన రెండో సీసా కూడా అదే చెప్పింది, 2007లో టైటిల్ పోయింది. 2010లో ఏళ్ళ తరబడి డోపింగ్ చేశానని ఒప్పుకున్నాడు, అప్పుడు కూడా ఆ టెస్టోస్టిరాన్ మాత్రం నాది కాదన్నాడు. ఏమో మరి, నేనైతే సీసా మాటే నమ్ముతా.

ఆటలాడే పిల్లలున్న ఇళ్ళవాళ్ళకి ఒక్క మాట. టెస్టుకి పిలిస్తే కనీసం 90 మిల్లీలీటర్లివ్వాలి, ఎవరి సీసాల్లో వాళ్ళే పోసుకోవాలి, ముందు బి సీసాలో 30, తర్వాత ఏ సీసాలో 60. అందరూ దీని గురించే కంగారుపడతారు గానీ అసలు చూసుకోవాల్సింది ఫారం. అందులో గత 7 రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాయమంటారు. మా అక్క కొడుకు కబడ్డీ ఆడతాడు, మొదటిసారి ఆ కాలమ్‌లో ఏమీ లేవు అని రాసొచ్చాడు. ఇంటికొచ్చాక కూర్చోబెట్టి అడిగితే దగ్గు సిరప్ ఒకటి, నొప్పుల మాత్ర ఒకటి, జిమ్‌లో ఫ్రెండు ఇచ్చిన లేబుల్ లేని పౌడర్ ఒకటి బయటికొచ్చాయి! రాసినంత మాత్రాన తప్పు ఒప్పయిపోదు, కానీ రాయకపోతే తర్వాత చెప్పుకోడానికి మన దగ్గర ఏమీ ఉండదు. లేబుల్ లేనిది అసలు నోట్లోనే వేసుకోవద్దు.

ఇప్పుడు వాడు వేసుకునే ప్రతిదానికీ ఫోన్లో ఫోటో తీస్తున్నాడు, డబ్బా ముందూ వెనకా. మొన్న చూస్తే మా అక్క కాచిచ్చిన శొంఠి కషాయం ఫోటో కూడా ఉంది, గ్లాసుతో సహా. ఉంటానండీ.