గూగుల్ క్లాస్‌రూమ్‌లో అసైన్‌మెంట్లు పాఠాల వారీగా సర్దుకుందాం

నమస్తే సార్, నమస్తే మేడమ్. కర్నూలు నుంచి మాట్లాడుతున్నా. స్క్రీన్ కనిపిస్తోంది కదా? ఇది తొమ్మిదో తరగతి సోషల్ క్లాసు. చూడండి, కిందికి పోతానే ఉంది. మ్యాపు వర్కు, దాని కింద యూనిట్ టెస్టు, మళ్లీ మ్యాపు వర్కు... అన్నీ కలిసిపోయినాయి. మనమైతే ల్యాప్‌టాప్‌లో ఎట్లనో వెతుక్కుంటాం. మన పిల్లల్లో చాలామందికి నాయన పొలం నుంచి వచ్చినాకే ఫోన్ చేతికొచ్చేది. ఆ కాసేపూ వెతుకులాటకే పోతే ఇంక రాసేదెప్పుడు? అందుకే ఇది సర్దాల.

సరే, పైన క్లాస్‌వర్క్. క్రియేట్ నొక్కండి, కిందికి రండి, టాపిక్, అంటే అసైన్‌మెంట్లను ఒకచోట చేర్చే శీర్షిక. పేరు కొట్టండి, యాడ్. అంతే, వచ్చేసింది. ఇంకోటి కావాలంటే మళ్లీ అట్లనే.

పేరు మాత్రం పాఠం పేరే పెట్టండి. ‘యూనిట్ 3’ అంటే పిల్లోళ్లకు గుర్తుండదు. ‘తుంగభద్ర, హంద్రీ’ అని ఉందనుకోండి, టక్కున తగులుతుంది. ‘ఆంధ్ర రాష్ట్రం 1953’... ఇదిగో, ఇట్లా.

పాత అసైన్‌మెంట్లా? మూడు చుక్కలు, ఎడిట్, కుడి పక్కన టాపిక్, ఎంచుకోండి, సేవ్. నాకైతే మౌస్‌తో పట్టుకుని లాగేయడమే ఇష్టం. ఇదిగో, లాగినా, పడింది. ఒక అసైన్‌మెంట్‌కి ఒక్క టాపిక్కే, రెండింటిలో పెట్టలేం.

ఇప్పుడు కొత్త అసైన్‌మెంట్. ఇక్కడ కొంచెం నిదానంగా చూడండి, చాలామంది ఇక్కడే చిక్కుకుంటున్నారు. శ్రీబాగ్ ఒప్పందం 1937 మీద ప్రశ్నలున్న గూగుల్ డాక్ జత చేస్తున్నా. చేసినా. ఫైలు పక్కన చిన్న బాణం ఉంది, చూడండి. నొక్కితే మూడొస్తాయి. మొదటిది, చూడ్డానికి మాత్రమే. రెండోది, ఎడిట్ చేయొచ్చు. ఇది పెడితే క్లాసంతా ఒకే ఫైల్లో రాస్తారు, ఒకరు రాసింది ఇంకొకరు చెరిపేస్తారు. మూడోది, ఒక్కో విద్యార్థికి ఒక్కో కాపీ. మనకు కావాల్సింది ఈ మూడోదే. అసైన్ నొక్కక ముందే ఎంచుకోవాల. మళ్లీ చెప్తున్నా, ముందే. ఒకసారి పంపేస్తే దాన్ని తర్వాత కాపీగా మార్చుకోనీయదు. ఎంచుకున్నామా, టాపిక్ పెట్టినామా, అసైన్. ప్రతి కాపీ మీదా పిల్లవాడి పేరు దానంతటదే పడుతుంది.

ఇక గూగుల్ డ్రైవ్‌కి పోదాం, మన ఫైళ్లన్నీ దాచి ఉండేది అక్కడే. క్లాస్‌రూమ్ అనే ఫోల్డర్, అందులో మన క్లాసు, అందులో అసైన్‌మెంట్ ఫోల్డర్లు. చూసినారా, టాపిక్‌లు ఇక్కడికి రావు! అందుకే అసైన్‌మెంట్ పేరు ముందే పాఠం పేరు, అంకె పెడతా: ‘ఆంధ్ర రాష్ట్రం 01 శ్రీబాగ్’, ‘ఆంధ్ర రాష్ట్రం 02 రాజధాని కర్నూలు’. ఒక పాఠానివన్నీ పక్కపక్కనే నిలబడతాయి. డ్రైవ్‌లో వెతకాలంటే కీబోర్డు మీద స్లాష్ (/) కొట్టండి, నేరుగా సెర్చ్‌లోకే పోతుంది. నాకు బాగా అలవాటైన షార్ట్‌కట్ ఇది.

వెనక్కి, క్లాస్‌రూమ్‌లోకి వద్దాం. ఈ వారం జరిగే పాఠాన్ని పట్టుకుని పైకి లాగండి. ఫోన్ తెరవగానే పిల్లలకు అదే ముందు కనపడాల. టాపిక్ డిలీట్ చేస్తే అసైన్‌మెంట్లు పోతాయేమోనని భయపడొద్దు, అవి పోవు. టాపిక్ లేకుండా బయట ఉంటాయి, వేరేదాంట్లోకి లాగేసుకోండి.